అమ్మీ కంట్లో ఉన్న అమానత్

పోయిన జుమ్మా నాడు నమాజ్ అయ్యాక భాయ్‌జాన్, నేను కలిసి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చాం. అమ్మీ అప్పటికే దస్తర్‌ఖాన్ పరిచి, బగారా ఖానా, దాల్చా పెట్టుకుని కూర్చుంది. రెండు ముద్దలు తిన్నామో లేదో, "బేటా, ఒక కాగజ్ తీస్కో. నేను చెప్పేది రాయి" అంది నాతో.

అమ్మీకి 76 ఏళ్లు. ఈ వయసులో కాగజ్ తెమ్మంటే ఏమనుకుంటాం? చేతికున్న రెండు గాజులు ఏ కోడలికి, పాన్‌దాన్ ఎవరికి అని రాయిస్తుంది అనుకున్నా. అమ్మీ చెప్పింది వేరు.

"నా ఇంతెకాల్ అయినంక నా కండ్లు ఇచ్చెయ్యాలె. ఎడమ కండ్ల ఉన్నది నాది కాదు, ఎవరిదో అమానత్. దాని సంగతి ఏం చెయ్యాల్నో డాక్టర్లను అడుగు. కుడిది నాదే. అది మాత్రం తప్పక ఇయ్యాలె."

భాయ్‌జాన్ చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. ఆయన హాఫిజ్. మా ఖాందాన్‌లో దీన్ సంగతి ఏదొచ్చినా ఆయన మాటే ఆఖరు మాట. "ఐసీ బాతాఁ నక్కో అమ్మీ" అన్నాడు మెల్లగా. ఇంకేం అనలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అమ్మీ మాత్రం నా వైపే చూస్తూ ఉంది, రాస్తానా లేదా అని.

ఇది మా ఇంటి గొడవ. నలుగురి ముందు పెట్టడం బాగుండదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ మాట ఏదో ఒక రోజు ప్రతి ముసల్మాన్ ఇంట్లో వస్తుంది. రాత్రి పూట, ఆస్పత్రి వరండాలో, ఏడుపుల మధ్య వస్తుంది. అప్పుడు ఆలోచించే తీరిక ఉండదు. మా ఇంట్లో ఒకసారి అలాగే వచ్చింది.

అబ్బా ఆర్టీసీలో మెకానిక్. మేం పుట్టింది, పెరిగింది అంతా చిక్కడపల్లి గల్లీల్లోనే. అబ్బాకు రెండే శౌఖ్‌లు. ఒకటి నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ చాయ్, రెండోది క్రాస్‌రోడ్స్‌లో సినిమా. మేం నమాజ్ ఎగ్గొడితే కొట్టేవాడు గానీ, మంచి సినిమా వస్తే తనే తీసుకెళ్లేవాడు. 'మిస్సమ్మ' ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. 'ఏక్ దూజే కే లియే' చూసొచ్చి మూడు రోజులు ఉదాస్‌గా తిరిగాడని అమ్మీ ఇప్పటికీ నవ్వుతుంది. మొదటిది తీసిన డైరెక్టర్, రెండోదానికి డబ్బు పెట్టిన ప్రొడ్యూసర్ ఒక్కరేనని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆయన పేరే ఎల్.వి. ప్రసాద్.

2001 చలికాలంలో అబ్బాకు గుండె ఆగింది. ఒక పెద్ద ఆస్పత్రిలో, తెల్లవారుజామున. కాగితాల కోసం వరండాలో నిల్చుంటే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ఫైలు, మెడలో కార్డు. చాలా అదబ్‌గా మాట్లాడింది. "మీ నాన్నగారి కళ్లు ఇద్దరికి చూపు ఇవ్వగలవు. పదిహేను ఇరవై నిమిషాలు చాలు, ముఖం ఏమీ మారదు" అంది. మా మామూ ఆమె మీద అరిచాడు. "మయ్యత్‌ను కోస్తారా? మేం ముసల్మానులం. జరా షరమ్ ఉండాలి" అన్నాడు. భాయ్‌జాన్ తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి "మాఫ్ చేయండి" అని చెప్పి వెళ్లిపోయింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డా. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మూడో జవాబు, ఖామోషీ, చాలా ఏళ్లు నా గొంతులోనే ఉంది.

జొహర్‌కు జనాజా, అసర్ లోపల దఫన్. అబ్బా రెండు కండ్లు మట్టిలోకి పోయాయి.

ఆరేళ్లకు, 2007లో, అమ్మీ నల్గొండ వైపు ఉన్న నానీ ఊరికి పోయింది. వరి నూర్పిడి రోజులు. గాలికి ఎగిరిన వరి పొట్టు ఎడమ కంట్లో పడింది. నలిపింది, నీళ్లు కొట్టుకుంది. తెల్లారేసరికి కన్ను ఎర్రగా ఉబ్బింది. ఊళ్లో మందులిచ్చే అతను చుక్కల మందు ఒకటి ఇచ్చాడు. వేసిన గంటలో ఎరుపు తగ్గింది, సలపరం తగ్గింది. "భలే మందు" అని అమ్మీ పది రోజులు వేసింది. పదో రోజుకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, జొన్నగింజంత.

ఆ మందు స్టెరాయిడ్ అని మాకు తర్వాత తెలిసింది. చదివేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి, దయచేసి ఇళ్లల్లో చెప్పండి. వడ్లు, ఆకులు, కొమ్మలు కంటికి తగిలితే లోపల ఫంగస్ పట్టే ఖతరా ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గిస్తాయి, దాంతో నయమైనట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం ఒంటి రోగనిరోధక శక్తిని అణిచేసి ఫంగస్‌కు దారి ఇస్తాయి. పొలం పని చేసే లక్షల మందికి కండ్లు పోయే దారి ఇదే. ఎర్రబడ్డ కంటికి దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలు, పక్కింటివాళ్లు వాడి మిగిల్చిన చుక్కలు, ఏవీ వేయకండి.

పట్నంలో ఒకచోట చూపిస్తే వాళ్లు బంజారాహిల్స్ వెళ్లమన్నారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి. పేరు విని నేను భయపడ్డా. బంజారాహిల్స్ అంటే మాలాంటివాళ్లకు గేటు దగ్గరే కాళ్లు ఆగే జాగా. నారాయణగూడ చౌరస్తాలో బస్సు ఎక్కి, దారి పొడుగునా జేబులో డబ్బు తడుముకుంటూ పోయాను. అక్కడ మొదటి కౌంటర్‌లో మా హైసియత్ అడిగిన తీరులో హిఖారత్ లేదు. డబ్బు కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేనివాళ్లకు ముఫ్త్. డాక్టరు ఒకరే, ఆపరేషన్ గది ఒకటే. అక్కడికి వచ్చేవాళ్లలో దాదాపు సగం మంది పైసా కట్టకుండా చూపించుకునేవాళ్లే అని తర్వాత తెలిసింది.

ఇన్ఫెక్షన్ తగ్గడానికి రెండు నెలలు పట్టింది. మచ్చ మాత్రం మిగిలింది. కంటికి ముందుండే అద్దంలాంటి పొర, కార్నియా, తెల్లబడిపోయింది. ఇక వేరే కార్నియా అమర్చడమే ఇలాజ్ అన్నారు. "ఎక్కడి నుంచి తెస్తారు?" అని అమ్మీ అడిగింది. "ఎవరైనా చనిపోయినవారి ఇంటివాళ్లు ఇస్తే వస్తుందమ్మా. పేరు రాసుకుంటాం, వచ్చాక ఫోన్ చేస్తాం" అన్నారు.

ఎవరైనా ఇస్తే. నేను తల వంచుకుని నేల చూశాను. ఆ వరండా, ఆ అమ్మాయి, మామూ అరుపు, అన్నీ గుర్తొచ్చాయి. అమ్మీ కూడా ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది, ఒక్క కంటితో.

ఫోన్ కోసం ఎదురుచూసిన ఆ నెలల్లో నేను చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోయేవాణ్ణి. ఆ లైబ్రరీ తెలియనివాళ్లు ఉండరు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ జాగా దొరికితే అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. సాయంత్రం వాళ్లే అశోక్‌నగర్ బండ్ల దగ్గర ఇడ్లీ తిని మళ్లీ వస్తారు. వాళ్ల మధ్య కూర్చుని పాత పత్రికలు తిరగేసేవాణ్ణి. ఎవరీ డాక్టరు, ఎల్.వి. ప్రసాద్ పేరు కంటి ఆస్పత్రికి ఎందుకొచ్చింది అని వెతికాను. అలా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సంగతి తెలిసింది.

ఆయన 1945లో కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టారు. తండ్రి కూడా కంటి డాక్టరే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యంలో పైచదువు చదివారు. 1974లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో టఫ్ట్స్, ఆ తర్వాత రోచెస్టర్ యూనివర్సిటీ. రోచెస్టర్ అంటే ఐనక్‌ల అద్దాలు చేసే బాష్ అండ్ లాంబ్ పుట్టిన ఊరు, కంటి పనికి పేరున్న ఊరు. అక్కడ ఆయన కార్నియా స్పెషలిస్టుగా, ప్రొఫెసర్‌గా ఎదిగారు. పరిశోధన, పేరు, డబ్బు, అన్నీ ఉన్నాయి.

1986లో అవన్నీ వదిలి భార్యతో హైదరాబాద్ వచ్చేశారు. మన ఖాందాన్‌లలో గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వాపస్ వచ్చేవాళ్లను చూస్తాం. ఇల్లు కట్టుకోవడానికో, తల్లిదండ్రుల కోసమో వస్తారు. ఈయన మాత్రం అక్కడ డబ్బున్నవాడికి దొరికే ఇలాజ్‌ను ఇక్కడ లేనివాడికి కూడా అదే స్థాయిలో ఇవ్వాలని వచ్చారు. ఎల్.వి. ప్రసాద్ ఖాందాన్ ఐదెకరాల జమీన్, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆస్పత్రి మొదలైంది. అబ్బా క్రాస్‌రోడ్స్‌లో కొన్న టికెట్ పైసల్లో ఏ పది పైసలో ఆ కోటిలో కలిసి ఉంటాయని నాకో ఖయాల్. అబ్బా కండ్లు ఇవ్వలేదు గానీ టికెట్ పైసలు ఇచ్చాడు!

ఆయనకు ముందు హైదరాబాద్‌లో కంటి వైద్యం లేదని కాదు. సరోజినీ దేవి కంటి ఆస్పత్రి డాక్టర్ పి. శివారెడ్డి పేరు మా నానీ తరం మొత్తానికి తెలుసు. ఊరూరా క్యాంపులు పెట్టి మోతియాబింద్ తీసిన ఆయన ఖిద్మత్‌కు పద్మభూషణ్ ఇచ్చారు. మా నానీ కూడా ఒక క్యాంపులోనే ఆపరేషన్ చేయించుకుంది. అప్పట్లో కంటిలోపల లెన్స్ పెట్టడం లేదు. మబ్బుపట్టిన లెన్స్ తీసేసి, సీసా అడుగంత మందం ఉన్న ఐనక్ ఇచ్చేవాళ్లు. ఆ ఐనక్ పగిలిందంటే నానీ మళ్లీ అంధురాలే. దాన్ని ఖురాన్ షరీఫ్ పక్కన, అదే జుజ్‌దాన్‌లో దాచుకునేది.

డాక్టర్ నాగేశ్వరరావు చేసిన కొత్త పని, నాకు అర్థమైనంతలో, రెండు. ఒకటి, లెక్క పెట్టడం. రెండు, డాక్టరు లేనిచోట కూడా ఇలాజ్ చేరేలా మెట్లు కట్టడం.

లెక్క సంగతి చెబుతాను. మన దగ్గర ఎంతమందికి చూపు లేదు, ఎందుకు లేదు అనే ప్రశ్నకు నిజమైన జవాబు లేకపోతే పైసా ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎలా తెలుస్తుంది? 1996 నుంచి 2000 దాకా ఆయన సంస్థ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే చేశారు. హైదరాబాద్ పట్నం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు. 10,293 మందిని పూర్తిగా పరీక్ష చేశారు. నూటికి 1.84 మంది అంధులని తేలింది. అందులో 60 శాతానికి పైగా కారణం మోతియాబింద్, లేదా ఐనక్ పెడితే సరిపోయే చూపు తేడా. మళ్లీ చదవండి. ఐనక్ లేక అంధులు! దుకాణంలో దొరికే వస్తువు లేక ఒక మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. దీన్ని తఖ్‌దీర్ అనడం తఖ్‌దీర్ మీద తోహ్మత్ వేయడమే.

ఆ లెక్క చేతిలో ఉంది గనక మెట్లు కట్టారు. పిరమిడ్ అంటారు. అన్నిటికన్నా కింద, పల్లెల గుంపుకు, అంటే సుమారు 50 వేల మందికి ఒక విజన్ సెంటర్. అక్కడ డాక్టరు ఉండరు. ఇంటర్ చదివిన చుట్టుపక్కల పిల్లకో పిల్లాడికో ఏడాది తర్ఫీదు ఇచ్చి కూర్చోబెడతారు. వాళ్లే చూపు పరీక్షించి ఐనక్ ఇస్తారు, ఆపరేషన్ అవసరమైతే పైమెట్టుకు పంపిస్తారు. ఆ పైన సుమారు ఐదు లక్షల మందికి ఒక ఆపరేషన్ చేసే ఆస్పత్రి. ఇలాంటి మొదటిది 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో పెట్టారు. దాని పైన తర్ఫీదు ఇచ్చే పెద్ద కేంద్రాలు, కొస మీద హైదరాబాద్. అమ్మీ ఊళ్లో అలాంటి విజన్ సెంటర్ ఆ రోజు ఉండి ఉంటే, పది రోజులు ఆ చుక్కలు పడేవి కావు.

నాకు ఇందులో ఇంకొకటి నచ్చింది. మన ఆడపిల్లలు ఇంటర్ అయ్యాక ఇంట్లో కూర్చుంటారు, నికాహ్ దాకా. దూరం పంపడానికి మనకు మనసు రాదు. ఊళ్లోనే కూర్చుని పదిమంది కండ్లు చూసే ఇలాంటి హునర్ వాళ్లకు ఎందుకు చెప్పించకూడదు?

ఆ తర్వాత ఆయన పని దేశం దాటింది. అంధత్వ నివారణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా, అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1999లో 'విజన్ 2020: చూపు హక్కు' అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. హక్కు అన్న మాట చూడండి. ఖైరాత్ అనలేదు, హక్ అన్నారు. 2002లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన మొదటి ఇష్టం మాత్రం కార్నియానే. 1989లో ఆస్పత్రిలోనే నేత్రనిధి పెట్టారు, రామాయమ్మ నేత్రనిధి. కార్నియా ఆపరేషన్ ఎంత బాగా వచ్చినా, ఇచ్చేవాళ్లు లేకపోతే ఆ హునర్‌తో ఏం లాభం? అందుకే ఆస్పత్రుల్లో మయ్యత్ ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లను పెట్టే పద్ధతి తెచ్చారు. 2001లో మా ముందు నిలబడ్డ ఆ అమ్మాయి ఎవరు పంపితే వచ్చిందో నాకు తెలియదు. ఆ ఉద్యోగం ఎంత ముష్కిలో మాత్రం ఇప్పుడు తెలుసు. రోజూ ఏడ్చేవాళ్ల ముందు నిలబడి అడగాలి, రోజూ తిట్లు తినాలి. ఇన్నేళ్లలో ఆ సంస్థలో 50 వేలకు పైగా కార్నియాలు అమర్చారు. ప్రతి ఒక్కదాని వెనుక ఒక ఇంట్లో ఎవరో కండ్లు తుడుచుకుంటూ "సరే" అన్నారు.

2008 మార్చిలో మాకూ ఫోన్ వచ్చింది. "రేపు ఉదయం రండి." ఆ రాత్రి అమ్మీ తహజ్జుద్‌లో చాలాసేపు కూర్చుంది. తన కంటి కోసం దువా చేస్తుంది అనుకున్నా. పొద్దున అడిగితే చెప్పింది, "ఆ ఇచ్చినోళ్ల ఇంట్ల ఇయ్యాల ఏడుస్తుంటరు గదా బేటా. వాళ్లకు సబర్ ఇయ్యమని అడిగిన."

ఇచ్చినవాళ్ల పేరు చెప్పరు, అది అక్కడి ఖాయిదా. హిందువో, ఈసాయియో, మనవాళ్లో, మగవాడో, ఆడదో తెలియదు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అందుకే మామూలుగా బ్లడ్ గ్రూపు కూడా కలవాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పింది. వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో చుట్టూ కుట్లు వేశారు. తర్వాత నెలల తరబడి చుక్కలు. ఏ మందు అని చూస్తే స్టెరాయిడ్! ఊళ్లో ఏది కన్ను తీసిందో, ఇక్కడ అదే కొత్త కార్నియాను శరీరం తోసేయకుండా కాపాడుతోంది. మందు మంచిదా చెడ్డదా అని అడక్కూడదు, ఏ చేతిలో ఉంది అని అడగాలని అప్పుడు అర్థమైంది. సుర్మా పెట్టొద్దన్నారు. ఈద్‌కు సుర్మా లేకుండా అమ్మీ ముఖం మొదటిసారి చూశాను.

సుర్మా అంటే గుర్తొచ్చింది. అరబీలో కంటి వైద్యుణ్ణి కహ్హాల్ అనేవారు. కుహ్ల్ అంటే సుర్మా, ఆ మాట నుంచే వచ్చింది. వెయ్యేళ్ల కింద బగ్దాద్‌లో అలీ ఇబ్న్ ఈసా అనే కహ్హాల్ కంటి జబ్బులన్నిటినీ వరసగా రాసి ఒక కితాబ్ చేశాడు. యూరప్‌లో కూడా శతాబ్దాల పాటు దాన్ని చదివారు. అమ్మార్ అల్ మౌసిలీ బోలు సూదితో మోతియాబింద్‌ను పీల్చి తీసే తరీఖా రాశాడు. బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైసమ్, కంట్లోంచి కిరణాలు బయటికి పోవని, వెలుతురే వస్తువుల మీద పడి కంట్లోకి వస్తుందని నిరూపించాడు. వాళ్లలో కొందరు ముసల్మానులు, ఇంకా అదే బగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ లాంటి ఈసాయీలు. ఇల్మ్‌కు మజ్‌హబ్ అడ్డం రాలేదు. కంటి ఇల్మ్‌లో ఇంత వారసత్వం ఉన్న ఖౌమ్, కన్ను ఇవ్వాల్సి వచ్చేసరికి ఎందుకు వెనకడుగు వేస్తోంది?

నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. ఇఖ్తిలాఫ్ ఉందని మాత్రం చెప్పాలి. ఈజిప్ట్‌లో 1959లోనే అప్పటి ముఫ్తీ షేఖ్ హసన్ మామూన్ చనిపోయినవారి కార్నియా తీసుకోవడం జాయిజ్ అన్నారు. 1988లో జెద్దాలో అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, మరణించిన వ్యక్తి ముందే ఒప్పుకుంటే, లేదా వారిసులు ఒప్పుకుంటే, షరతులతో అవయవాలు తీసుకోవచ్చని తీర్మానించింది. మన దేశంలో చాలామంది ఉలమా అలా అనరు. శరీరం అల్లాహ్ అమానత్, మనది కానిదాన్ని మనం వసీయత్ చేయలేం, మయ్యత్ హుర్మత్ కాపాడాలి అంటారు. రెండు వైపులా ఇల్మ్ ఉన్నవాళ్లే, రెండు వైపులా ఖుదా భయం ఉన్నవాళ్లే. వాళ్లను ఎగతాళి చేసే రాతలు చదివాను, నాకు నచ్చలేదు.

నా సవాల్ ఉలమాతో కాదు, నాతోనే. తీసుకునేటప్పుడు మేం ఏ ముఫ్తీనీ అడగలేదు. మామూ కూడా అడగలేదు. ఆపరేషన్ రోజు మామూయే ఆటో మాట్లాడి తెచ్చాడు, అమ్మీ కట్టు విప్పితే మిఠాయి కూడా పంచాడు. అంటే ఇంకెవరి మయ్యత్ నుంచో వస్తే నేమత్, మన మయ్యత్ నుంచి పోతే గునాహ్. ఈ తరాజు నాకు సమంగా కనిపించడం లేదు.

భాయ్‌జాన్ ఆదివారం మళ్లీ వచ్చాడు. ఇషా తర్వాత మేడ మీద కూర్చున్నాం. కింద కోచింగ్ సెంటర్ పిల్లలు ఏదో ప్రశ్న మీద గట్టిగా వాదించుకుంటూ పోతున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కన్ను మొత్తం తీస్తారా?" అని అడిగాడు.

"పైపొర ఒక్కటే తీసే పద్ధతి ఉంది భాయ్‌జాన్. మొత్తం కన్ను తీసినా రెప్పలు మూసి సరిచేస్తారు. ముఖం చూస్తే తెలియదు."

"గుస్ల్ ఇచ్చేటప్పుడు?"

"ఏమీ కాదు. అడిగి తెలుసుకున్నా."

"ఎంతసేపట్లో తీయాలి?"

"ఆరు గంటల లోపల. ఫోన్ చేస్తే వాళ్లే ఇంటికి వస్తారు. ఇరవై నిమిషాల పని. జనాజా లేట్ కాదు."

"మోతియాబింద్ ఆపరేషన్ అయినోళ్లవి పనికొస్తాయా? షుగర్ ఉన్నోళ్లవి?"

నాకు అప్పుడు తట్టింది, అమ్మీ కుడి కంటికి పోయిన ఏడే మోతియాబింద్ తీశారు. షుగర్ మాత్రం అమ్మీకి లేదు. షుగర్ ఉన్నది భాయ్‌జాన్‌కు. "పనికొస్తాయి. ఐనక్ పెట్టుకునేవాళ్లవి కూడా. హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటేనే వద్దంటారు" అన్నాను.

ఆయన తస్బీహ్ తిప్పుతూ ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అబ్బా అప్పుడు నేను తల ఊపిన. మస్‌అలా తెలిసి కాదు. అబ్బాను ఎవరూ ముట్టుకోవద్దని అనిపించింది, గంతే. దాన్ని దీన్ అనుకున్న."

నేను కూడా నా ఖామోషీ సంగతి చెప్పాను. ఇరవై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో తిరిగిన ఇద్దరం ఆ వరండా గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆయన ఒప్పుకున్నాడని రాయను, ఎందుకంటే ఒప్పుకోలేదు. తను నమ్మే ముఫ్తీ సాబ్ దగ్గరికి పోయి, రెండు వైపుల దలీల్‌లు ముందు పెట్టి అడుగుతానన్నాడు. "ఆయన వద్దంటే?" అన్నాను. "అప్పుడు అమ్మీతోని నేనే మాట్లాడ్త. నువ్వు అడ్డం రావద్దు. సరేనంటే ఫోన్ నేనే చేస్త" అన్నాడు. ఇది ఇన్సాఫ్ అనిపించింది. అమ్మీ ఇష్టం ఎంత గట్టిదైనా, ఆ ఘడియలో ఫోన్ చేయాల్సింది, సంతకం పెట్టాల్సింది బతికున్న మేమే. కార్డు మీద పేరు రాసుకున్నంత మాత్రాన సరిపోదు. ఇంట్లోవాళ్లు "సరే" అంటేనే జరుగుతుంది. అందుకే ఈ మాట మయ్యత్ లేచే రోజు కాదు, బగారా ఖానా తినే రోజు మాట్లాడుకోవాలి.

1905లో ఓలోమౌక్ అనే ఊళ్లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ప్రపంచంలో మొదటిసారి మనిషి కార్నియాను మరో మనిషికి అమర్చి చూపు తెప్పించాడు. సున్నం పడి కండ్లు పోయిన ఒక కూలివాడు తీసుకున్నవాడు. దెబ్బ తగిలి కన్ను తీసేయాల్సి వచ్చిన పదకొండేళ్ల పిల్లవాడిది ఇచ్చిన కన్ను. అక్కడి నుంచి ఈ సిల్‌సిలా అమ్మీ దాకా వచ్చింది. డాక్టర్ నాగేశ్వరరావు లాంటివాళ్లు ఎంత ఇల్మ్ సంపాదించినా, ఎన్ని మెట్లు కట్టినా, చివరి మెట్టు మాత్రం మన ఇంటి గడపే.

అమ్మీ చెప్పింది రాశాను. తేదీ వేశాను. అమ్మీ ఐనక్ పెట్టుకుని, ఆ ఎడమ కన్ను దగ్గర పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది. కింద ఉర్దూలో దస్తఖత్ చేసింది. ఆ కాగజ్ ఇప్పుడు నానీ జుజ్‌దాన్‌లో ఉంది. పక్కన రెండో దస్తఖత్‌కు జాగా వదిలాను. భాయ్‌జాన్ వచ్చే జుమ్మాకు ముఫ్తీ సాబ్‌ను కలిసి వస్తానన్నాడు. దువా చేయండి.